తొమ్మిది రోజుల గాజుపలకలు

మా ఆయన్ని కాటికి సాగనంపిన మర్నాడు పొద్దున్న ఆరింటికి నేను గాలిపెట్టె దగ్గరికి వెళ్లాను. ఇంట్లో ఎవరి మూలన వాళ్లు కూర్చుని ఉన్నారు. మా కోడలు పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగి పొయ్యంతా పారుతున్నా అలాగే చూస్తూ నిలబడింది. నేనే వెళ్లి మంట ఆపి, చెప్పులు వేసుకుని, అల్మారాలోంచి గాజుపలకల డబ్బా తీసుకుని బయల్దేరాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

గాలిపెట్టె అని మేమే పేరు పెట్టుకున్నాం. మా టమాటా తోట అంచున, వాగు వైపు, నా భుజమంత ఎత్తు గుంజ మీద ఒక రేకు పెట్టె ఉంటుంది. దాని మీద పంకా రెక్క లాంటిది ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఆ రెక్క రెండు కొసలకీ వేలెడంత గాజుపలకలు తగిలిస్తాం. వాటికి ముందే వ్యాజిలిన్ రాసి ఉంచుతాం. పగలూ రాత్రీ తిరుగుతుంటే గాలిలో ఉన్నదల్లా దానికి అంటుకుంటుంది, దుమ్ము, పుప్పొడి, దోమ కాళ్లు, తెగులు పుట్టించే కంటికానని గింజలు. మర్నాడు పొద్దున్న ఆ పలకలు తీసి కొత్తవి పెట్టి, పాతవి మా రైతు సంఘం గదిలో మైక్రోస్కోప్ దగ్గర కూర్చునే అమ్మాయికి ఇవ్వాలి. మాడు తెగులు గింజలు నిమ్మకాయ ఆకారంలో ఉంటాయిట. నాకూ ఒకసారి చూపించింది. నిజంగానే బుల్లి నిమ్మకాయలు, ముచ్చికతో సహా. అవి కనపడిన రోజు ఆ పిల్ల అందరి ఫోన్లకీ కబురు పెడుతుంది. సంఘంలోని ఏడు కుటుంబాల వాళ్లూ ఆ రోజే మందు కొడతారు. కబురు రాకపోతే ఎవరూ కొట్టరు. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. అంతకుముందు మబ్బు పట్టినప్పుడల్లా భయపడి మందు కొట్టేవాళ్లం. చేతులు మండేవి, కాయలు మందు కంపు కొట్టేవి.

ఆ నాలుగేళ్లూ ఆ పని మా ఆయనదే. కుర్రకారు ఆయన్ని గాలి తాత అని ఏడిపించేవాళ్లు.

"తాతా, ఇవాళ ఎంత గాలి పట్టావు?"

"మీ నాన్న బుర్రలోంచి వచ్చినంత పట్టానురా, గాజు చాలలేదు" అనేవాడు.

నా వాటా పని వ్యాజిలిన్ రాయడం. పసిపిల్ల బుగ్గకి రాసినంత పలచగా రాయాలి. మందంగా రాస్తే మైక్రోస్కోప్‌లో అంతా మసకే. మొదట్లో రొట్టెకి వెన్న రాసినట్టు రాశానని ఆయన నవ్వాడు. తర్వాత నా అంత బాగా ఎవరూ రాయరని ఆ పిల్లే చెప్పింది.

ఆఖరి అయిదు నెలలూ ఆయనకి ఊపిరి అందేది కాదు. రాత్రిళ్లు ముందుగదిలో ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని పడుకునేవాడు. అది తెల్లవార్లూ గుయ్యిమంటూనే ఉండేది. తెల్లారాక మాత్రం ఎవరెంత చెప్పినా వినకుండా, పది నిమిషాల దారి అరగంటలో నడిచి, పలకలు తనే మార్చుకొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం దగ్గు ఆగలేదు. ఆస్పత్రిలో రెండు రోజులున్నాడు. ఆయన పోయిన రోజు డాక్టరు చొక్కాకి పైనుంచి మూడో బొత్తాం లేదు, దాని బదులు పిన్నీసు పెట్టుకున్నాడు. ఆ పిన్నీసు నాకు ఇప్పటికీ కనపడుతుంది. మా ఆయన ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోతే పిన్నీసే వస్తుంది.

నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకున్నాననుకుని అందరూ నా వీపు నిమిరారు. ఆపుకోవడానికి అసలు రావాలి కదా. కాలు తిమ్మిరెక్కితే అది మన కాలు కాదన్నట్టు ఎలా ఉంటుందో, నేను మొత్తం అలా ఉన్నాను.

అలా తొమ్మిది రోజులు వెళ్లాను. ఒక్కరోజు మానలేదు. మూడో రోజునుంచి సన్నజల్లు, వాగు వైపునుంచి చల్లటి గాలి. అయిదో రోజు గుంజ దగ్గర ఎవరిదో ఎర్ర రబ్బరు చెప్పు పడి ఉంది, ఎడమ కాలిది. ఏడో రోజు గొడుగు తిరగబడింది. ఇవన్నీ చూశాను. పంకా తిరగకపోవడం కూడా చూశాను. చూశాను అని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడది నాకు తప్పుగా కనపడలేదు. పలకలు మార్చేటప్పుడు ఆయనైతే ముందు మీట నొక్కి రెక్క ఆపేవాడు, అది ఆగేదాకా నిలబడేవాడు. నేను వెళ్లేసరికే ఆగి ఉండేది. పని తేలికైంది. ముందుగదిలో యంత్రాన్ని అద్దెకిచ్చినవాళ్లు పట్టుకుపోయాక ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది కదా, తోటలోనూ చప్పుడు లేకపోవడం నాకు మామూలుగానే అనిపించింది.

పదో రోజు పొద్దున్న మా కోడలు వరండా ఊడుస్తూ పిలిచింది.

"అత్తయ్యా, ఈ బ్యాటరీ ఇక్కడే పడి ఉంటోందేంటి? రోజూ కాలికి తగులుతోంది. మావయ్యగారు రోజు విడిచి రోజు తోటకి పట్టుకెళ్లి, అక్కడిది ఇక్కడికి తెచ్చేవారు కదా."

పచ్చ దీపం వెలుగుతోంది. నిండిపోయి ఎన్నాళ్లయిందో. ఆయన దాన్ని చిన్న చక్రాల బండి మీద లాక్కెళ్లేవాడు. నేనూ అలాగే లాక్కెళ్లి, మూత తీసి, పాతది తీసేసి కొత్తది తగిలించాను. రెక్క గుర్రుమని తిరిగింది. ఓహో, అనుకున్నాను. అంతే. పాత బ్యాటరీ ఇంటికి తెచ్చి ఛార్జింగు తీగకి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన మాటని తట్టలేదు.

మర్నాడు నేనిచ్చిన పలక మీద ఆ పిల్లకి పదకొండు నిమ్మకాయలు కనపడ్డాయి. ఫోన్లు మోగాయి. అప్పటికే మా అబ్బాయి తోటలోంచి ఒక ఆకు పట్టుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. పైన ఉడికినట్టు గోధుమరంగు మచ్చ, తిప్పి చూస్తే అంచున తెల్లటి నూగు. వాడు దాన్ని వేలితో తాకి, వేలిని చొక్కాకి తుడుచుకుని, మళ్లీ తాకాడు.

వారం తిరిగేలోగా నాలుగు తోటలు మాడిపోయాయి. అన్నిటికన్నా ముందు మాది. పచ్చికాయల మీద తోలు లాంటి గోధుమ మచ్చలు. కాయ కోయడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టేది.

మా వాడు తండ్రి పోయినప్పుడు ఎలా ఉన్నాడో, ఇప్పుడు అలా లేడు. అప్పుడు నాలాగే కొయ్యలా ఉన్నాడు. ఇప్పుడు వాడికి కోపం దొరికింది. దొరికిన కోపాన్ని ఒక మనిషి మీద పెట్టాడు. ఆ మనిషి నారు పెంచి అందరికీ ఇచ్చే ఆయన. మా ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు మరిది వరస. ఊళ్లో వాళ్లకి నారు బాబాయి.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వాడు చెప్పాడు.

"ఎల్లుండి సంఘం మీటింగు పెట్టించాను. నారు బాబాయి షెడ్డులో ఉన్న మొక్కలన్నీ తగలబెట్టించాలి. ఇంకెవరూ ఆయన దగ్గర నారు తీసుకోకూడదని రాయించాలి."

"తగలబెట్టడం ఏంటండీ, ఆయన బతుకే అది" అంది కోడలు.

"మన బతుకు కాలిపోలేదా? లెక్క తేలిపోయింది. తొమ్మిది రోజులు గాజు శుభ్రంగా ఉంది. గాలిలో తెగులు లేదు. గాలిలో లేనిది తోటలోకి ఎలా వస్తుంది? నారుతోనే వస్తుంది. ఈ నాలుగు తోటలకీ నారు ఆయనదే." నా కంచం వైపు చూశాడు. "అమ్మ రోజూ మోసిన పలకలే సాక్ష్యం. నాన్న పోయిన మర్నాటినుంచి ఒక్కరోజు మానలేదు అమ్మ. ఎవరు చేస్తారలా?"

నా నోట్లో ముద్ద ఉంది. నమిలాను. వరండాలో బ్యాటరీ పచ్చ దీపం గుర్తొచ్చింది, ఆగి ఉన్న రెక్క గుర్తొచ్చింది, రెండూ పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. ఓహో అని నేను వదిలేసింది ఏమిటో అప్పుడు తెలిసింది. తొమ్మిది రోజులూ ఆ గాజు గాలిని పట్టనే లేదు. చెబితే నా కొడుకు తోట మాడడానికి నేనే కారణమని వాడికి తెలుస్తుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని మనిషి పని తగలబడిపోతుంది. ఇది నాకు గాజు మీద చూసినంత స్పష్టంగా కనపడింది. గుండె దడదడలాడాలి కదా. ఆడలేదు. మజ్జిగ పోసుకుని అన్నం ముగించాను.

బుధవారం నారు మరిది మా వరండాకి వచ్చాడు. చేతిలో ఒక ట్రే, అందులో జానెడు నారు. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు.

"నీ కొడుకు నన్ను చూస్తే రోడ్డు మారుస్తున్నాడు వదినా. ఇదివరకు నేనే మార్చేవాణ్ణి, వాడు చిన్నప్పుడు నా సైకిలు గంట ఊడదీసినప్పట్నుంచీ." నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. ట్రేలోంచి ఒక మొక్కని వేరుతో సహా లాగి నా ముందు పెట్టాడు. "నువ్వే చూడు. ఆకు చూడు, కాడ చూడు, తెల్లటి వేరు. దీనికి జ్వరం ఉన్నట్టుందా? అన్నయ్య ఉంటే ఒక్కమాట అడిగేవాణ్ణి. ఆయన చెబితే జనం వినేవాళ్లు."

"వినేవాళ్లు" అన్నాను.

"రేపు నువ్వూ వస్తావా?"

"వస్తాను."

"వచ్చి కూర్చో చాలు. నాకెవరైనా తెలిసిన ముఖం కనపడాలి."

అప్పుడే చెప్పి ఉండొచ్చు. మనిషి ఎదురుగా ఉన్నాడు, వింటున్నాడు. నోరు తెరవడానికి కావలసిందేదో నాలో లేకపోయింది. కాఫీ తాగుతావా అని అడిగాను. వద్దన్నాడు. ఆ ఒక్క మొక్కనీ మళ్లీ గుంటలో పెట్టి, మట్టి అదిమి, ట్రే చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

గురువారం పదకొండింటికి మీటింగు. కూరగాయలు ఏరే షెడ్డులోనే, కాటా పక్కకి జరిపి కుర్చీలు వేశారు. సంఘం పెద్ద అక్కడ తూకాలు చూసే ఆయన, కాటా పెద్దాయన అంటాం. మైక్రోస్కోప్ అమ్మాయి గోడ మీద తెల్లగుడ్డ కట్టి, దాని మీదికి బొమ్మలు వేసింది. నేను వెనక వరసలో ఉల్లిపాయ బస్తాల పక్కన కూర్చున్నాను. నారు మరిది ముందు వరసలో, ఒళ్లో ట్రేతో, బస్సులో సీటు దొరికిన మనిషిలా ముడుచుకుని కూర్చున్నాడు.

మా వాడు లేచి అంతా చెప్పాడు. గొంతు పెంచలేదు. అందుకే అందరూ విన్నారు.

"ఒక్కమాట" అన్నాడు నారు మరిది. "నా నారు ఇంకో ముగ్గురు కూడా నాటారు. వాళ్లకి రాలేదేం?"

"వాళ్ల తోటలు గట్టు అవతలున్నాయి కదయ్యా, గాలికి చాటు" అన్నారెవరో.

"గాలికి చాటున్నవాళ్లకి రాలేదంటే గాలిలో వచ్చినట్టే కదయ్యా! నువ్వు నా తరఫున మాట్లాడుతున్నావో వాళ్ల తరఫునో ముందు తేల్చుకో."

మరిది మాటకి కొందరు నవ్వారు. మా వాడు నవ్వలేదు.

"గాలిలో వస్తే గాజు మీద ఉండాలి బాబాయ్. చూపించమ్మా."

అమ్మాయి ఒక్కొక్క రోజుదే వేసింది. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు. తొమ్మిదీ కడిగిన అద్దంలా ఉన్నాయి. నా వ్యాజిలిన్ గీతలు కూడా కనపడ్డాయి, నా చూపుడువేలు ఎటునుంచి ఎటు వెళ్లిందో.

"చూడండి, తెగులు గింజ ఒక్కటి కూడా లేదు. అసలు దుమ్ము కూడా..." అని ఆ పిల్ల ఆగిపోయింది. తెల్లగుడ్డ దగ్గరికి నడిచి, కళ్లద్దాలు పైకి తోసుకుని, మళ్లీ చూసింది. "దుమ్ము కూడా లేదు" అంది, ఈసారి తనలో తనే.

"సరే, చేతులెత్తండి" అన్నాడు కాటా పెద్దాయన. "నారు తగలబెట్టాలనేవాళ్లు..."

"పంకా తిరగలేదు" అన్నాను.

ఎవరూ వెనక్కి తిరగలేదు. లేచి నిలబడి మళ్లీ అన్నాను. "ఆ తొమ్మిది రోజులూ పంకా తిరగలేదు. బ్యాటరీ మార్చాలి, నేను మార్చలేదు. అది మా వరండాలోనే ఉంది. పదో రోజు మార్చాను. అందుకే పదకొండో రోజు మీకు గింజలు కనపడ్డాయి. వట్టి పలకలు గుంజకి తగిలించి మళ్లీ తెచ్చిచ్చాను."

మా వాడు నా వైపు చూశాడు. "ఏమన్నావమ్మా?"

మళ్లీ చెప్పాను, అవే మాటలు. మొదటిసారి చెప్పినప్పుడు ఎంత ఉందో రెండోసారీ అంతే ఉంది లోపల, ఏమీ లేదు.

"నాదీ తప్పే" అంది మైక్రోస్కోప్ అమ్మాయి. "పుప్పొడి కూడా లేకపోతే అనుమానం రావాలి కదా. జల్లుకి గాలి కడుక్కుపోయిందనుకున్నాను. అమ్మమ్మా, మిమ్మల్ని ఆ రోజుల్లో అడగలేక..."

"మనిషి పోయిన ఇల్లు" అన్నాడు కాటా పెద్దాయన. "పెద్దావిడ ఆ బాధలో..."

"అది చెప్పకండి" అన్నాను. "బాధలో ఇంట్లో కూర్చుని ఉంటే మీరు ఇంకొకరిని పెట్టుకునేవాళ్లు. నేను రోజూ వెళ్లాను. అదే కొంప ముంచింది."

మా వాడు నాలుగు కుర్చీలు దాటి నా దగ్గరికొచ్చాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం. నువ్వు భోజనం దగ్గర చెబుతున్నప్పుడు."

"అప్పుడు మజ్జిగ పోసుకున్నావు."

"పోసుకున్నాను."

వాడు నన్ను చూసిన చూపు చెప్పను. బయటికి వెళ్లిపోయాడు. రేకు తలుపు చాలాసేపు ఊగింది.

ఎవరూ చేతులెత్తలేదు. నారు ఎక్కడిదక్కడ ఉండనివ్వాలని కాటా పెద్దాయన రాసుకున్నాడు. ఇకమీదట పలకల పని ఆ అమ్మాయే చూసుకుంటుందని కూడా రాసుకున్నాడు. నేను సరేనన్నాను. అందరూ లేస్తుంటే నారు మరిది నా పక్కకి వచ్చాడు. థాంక్స్ చెబుతాడేమో, ఏం అనాలో అనుకుంటున్నాను.

"నిన్న నేను మీ మెట్టు మీద కూర్చున్నప్పుడు కూడా నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"కాఫీ తాగుతావా అన్నావు వదినా." అంతే అని ట్రే తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత మూడు రోజులు మా వాడు ఒక్కడే తోట పీకాడు. మాడిన మొక్కని అలా వదిలేస్తే దాని మీంచి మళ్లీ గాలిలోకి లేస్తుంది, అందుకని నల్ల సంచుల్లో కుక్కి, మూతి బిగించి కట్టి, ఎండలో పడేయాలి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని తినేవాడు, నాతో మాట లేదు. కోడలు ఇద్దరి మధ్యా గిన్నెలు అందిస్తూ తిరిగేది. "ఉప్పు కావాలేమో అడగండి మీ అమ్మగారిని" అంది ఒకసారి. వాడు అడగలేదు. ఉప్పు నేనే జరిపాను. వాడు వేసుకున్నాడు.

నాలుగో రోజు తోటలోకి వెళ్లి వాడి వెనక నిలబడ్డాను. వాడు మొక్కలు పీకి సంచిలో పెడుతుంటే సంచి మూతి పడిపోతోంది. ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో కుక్కుతున్నాడు. నేను వంగి మూతి పట్టుకున్నాను. వద్దనలేదు. పచ్చికాయలతో సహా వేస్తుంటే బరువు నా మణికట్టుకి తెలిసింది.

"వెడల్పుగా పట్టు" అన్నాడు కాసేపటికి, సంచితో అన్నట్టు.

వెడల్పుగా పట్టాను.

ఆ వరస అయ్యాక నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "ఈ మడిలో ఇప్పుడు టమాటా వెయ్యకూడదు. క్యాబేజీ వెయ్యాలి" అన్నాడు. క్యాబేజీ నారు ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు. "నేను అడగలేను. నువ్వు వెళ్లి అడుగు."

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. షేడ్‌నెట్ కింద మరిది డబ్బాతో నీళ్లు చిలకరిస్తున్నాడు. నన్ను చూసి డబ్బా కింద పెట్టలేదు.

"క్యాబేజీ నారు కావాలి" అన్నాను.

"ఎన్ని ట్రేలు?"

"నలభై."

"నువ్వు మొయ్యలేవు. వాణ్ణి రమ్మను."

"వాడు రాడు."

"రమ్మను." ఇంకో వరసకి నీళ్లు చిలకరించుకుంటూ జరిగాడు. "నాకు వాడి మీద పట్టింపు లేదని చెప్పను, ఉంది. నీ మీద ఇంకా ఎక్కువుంది. కానీ నారు ఎదిగిపోయింది, ఎల్లుండికి ముదిరిపోతుంది. మీరిద్దరూ మాట్లాడుకునేదాకా అది ఆగదు కదా వదినా."

ఇంటికొచ్చి ఆ మాటలే పొల్లుపోకుండా మా వాడికి చెప్పాను, పట్టింపు మాటతో సహా. వాడు పంపు దగ్గర చేతులు రుద్దుకుంటున్నాడు. గోళ్లలో మట్టి పోయినా ఇంకా రుద్దాడు.

మర్నాడు పొద్దున్న బండి బయటికి తీశాడు. వెనక గోనెలు పరిచాడు, ట్రేలు జారకుండా కట్టడానికి ఒక తాడు పడేశాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. నన్ను ఎక్కమనలేదు, వద్దనీ అనలేదు. ఎక్కి, తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.